పుంజా, పెట్టా: 24 పిల్లలు తెచ్చుకుని మేము నేర్చుకున్నది

ఈ వారం గూళ్ల రేట్లూ, ఆకు తెగుళ్లూ కాస్త పక్కన పెట్టి కోళ్ల మాట మాట్లాడుకుందాం. కోళ్లకూ మన పురుగులకూ ఏం సంబంధం అనుకునేవాళ్లు మధ్యలో ఆపకుండా చివరిదాకా చదవండి. సంబంధం ఉంది. అది తెలియక మేము ఒక బ్యాచ్ పోగొట్టుకున్నాం.

మాది చింతామణి వైపు. రెండేళ్ల కిందట వానకాలంలో 150 డీఎఫ్ఎల్‌ల బ్యాచ్ ఐదో దశలో పాలరోగం తగిలి సగానికి పైగా పోయింది. హాలుతొండె అంటాం కదా, అదే. మిగిలిన పురుగులు చంద్రికె ఎక్కి కట్టిన గూళ్లు శిడ్లఘట్ట మార్కెట్టుకు తీసుకుపోతే, వచ్చిన డబ్బు కూలీలకే సరిపోయింది. చాకి పిల్లల బాకీ అట్లాగే నిలబడింది. అప్పటికి మా అవ్వకు నాలుగు పెట్టలు ఉండేవి. వాటి గుడ్ల డబ్బుతోనే ఇంట్లోకి పాలు, కూరగాయలు నడిచేవి. ఇంకో ఇరవై పెట్టలుంటే చాకి బాకీ గుడ్లతోనే తీరిపోదా అని లెక్క వేసుకున్నాం.

ఆ వారమే మోపెడ్ మీద గంపలు కట్టుకుని పిల్లలు అమ్మేవాడు ఊళ్లోకి వచ్చాడు. "అన్నా, అన్నీ పెట్టలే. పుంజు ఒకటొచ్చినా డబ్బు వాపసు" అన్నాడు. 24 తీసుకున్నాం. అందులో 18 లేత పసుపువి. మిగతా 6 వీపు మీద గీతలున్న నాటివి. నెలన్నర తిరిగేసరికి అవ్వ ఒకరోజు సాయంకాలం గంప మూస్తూ, "రేయ్ నాయనా, ఇవి పెట్టలు కాదురా. లెక్కపెట్టుకో, పుంజులు!" అంది. చివరికి తేలిన లెక్క: 21 పుంజులు, 3 పెట్టలు. మోపెడ్ ఆయన మళ్లీ మా ఊరి వైపు రాలేదు.

తప్పు ఆయనది కాదని మేము అనం. కానీ మాకు చూడటం తెలిసి ఉంటే, కొన్న రోజే ఆ గంపలో 18 పిల్లల సంగతి తెలిసిపోయేది. ఎట్లాగో చెప్తాం.

*ఒకరోజు పిల్లలో ఏం తెలుస్తుంది?*

ముందు ఒక చిత్రం. కోడీ, పట్టుపురుగూ ఈ ఒక్క విషయంలో ఒకే దారి. మనుషుల్లో పుట్టేది ఆడా మగా అనేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోముతో తేలుతుంది. కోడిలోనూ, మన పట్టు చిలుకలోనూ అది తల్లి వైపు నుంచి తేలుతుంది. మగదానికి జెడ్, జెడ్ అని రెండూ ఒకే రకం. ఆడదానికి జెడ్ ఒకటి, డబ్ల్యు ఒకటి. తల్లి గుడ్డులోకి జెడ్ పోతే మగ, డబ్ల్యు పోతే ఆడ. అందుకే ఎన్ని పెట్టలు కావాలని కోరుకున్నా, పొదిగిన గుడ్లలో దగ్గర దగ్గర సగం పుంజులే. పొదిగే వేడి మార్చినా, చంద్రుణ్ణి చూసి పొదగేసినా ఆ లెక్క మారదు. (ఆడపిల్ల పుడితే కోడలిని అనే ఇళ్లవాళ్లు ఈ పేరా రెండోసారి చదువుకోవచ్చు.)

గుడ్ల కేంద్రంలో పనిచేసిన ఆడవాళ్లకు మన పురుగుల్లో ఆడా మగా వేరుచేయడం చేతివాటం. గూడు కోసి ప్యూపాను వెల్లకిలా తిప్పి తోక దగ్గర చూస్తారు. ఎనిమిదో ఖండం మీద సన్నటి గుణకారం గుర్తు లాంటి గీత ఉంటే ఆడ. తొమ్మిదో ఖండం మీద చుక్క ఉంటే మగ. మిశ్రమ జాతి గుడ్లు తీయాలంటే చిలుకలు బయటికి రాకముందే వేరుచేయాలి కాబట్టి ఆ కన్ను లేనిదే మన చాకి బ్యాచ్‌లే లేవు. కొన్ని జాతుల్లో అంత శ్రమ కూడా అక్కర్లేదు. ఆడ పురుగుల మీద మచ్చలుంటాయి, మగవి తెల్లగా ఉంటాయి.

కోడిపిల్లల్లో కూడా సరిగ్గా ఇట్లాంటి రెండు దారులు ఉన్నాయి: కన్ను, రంగు.

కన్ను అంటే, పిల్ల ముడ్డిని వేళ్లతో మెల్లగా విప్పి లోపల ఆవగింజ కంటే చిన్న బొడిపె ఉందా లేదా అని చూడటం. 1920లలో జపాను పరిశోధకులు దీన్ని పద్ధతిగా మార్చారు. 1930లలో జపాను నుంచి ఆ పని తెలిసినవాళ్లు అమెరికా, యూరపు హేచరీలకు కూడా పోయారు. మిశ్రమ జాతి పట్టుపురుగుల లాభాన్ని చూపించిన టోయామా కామెతారో కూడా ఆ దేశం వాడే. చేయి తిరిగినవాళ్లు గంటకు వందల పిల్లలను తప్పులు దాదాపు లేకుండా వేరుచేస్తారు. కానీ అది నెలల తరబడి నేర్చుకునే పని. పిల్ల పుట్టిన ఒక రోజు లోపలే చూడాలి. మనం ఇంట్లో ప్రయత్నిస్తే పిల్ల పేగు చిట్లి చస్తుంది. చేయొద్దు.

రంగు సంగతే మాకు తెలియక పోయింది. గోధుమ రంగు గుడ్లు పెట్టే ఫారం జాతులను తయారు చేసేటప్పుడు ఎర్ర పుంజును, తెల్లదనం ఇచ్చే జన్యువున్న పెట్టతో కలుపుతారు. పెట్ట దగ్గర ఉన్న ఒక్క జెడ్ కొడుకులకే పోతుంది కదా, అందుకని కొడుకులు లేత పసుపుగా, కూతుళ్లు తండ్రి లాగా ఎర్రగోధుమ రంగులో పుడతారు. పుట్టిన గంటకే చిన్నపిల్లాడు కూడా వేరుచేయగలడు. హేచరీలో గోధుమ పిల్లలను గుడ్ల ఫారాలకు పంపుతారు. పసుపు పిల్లలు గుడ్డు పెట్టవు, మాంసానికీ తొందరగా పెరగవు. చాలా దేశాల్లో వాటిని పుట్టిన రోజే చంపేస్తారు. జర్మనీ 2022 నుంచి అట్లా చంపడాన్ని నిషేధించింది. మన దేశంలో వాటిలో కొన్ని గంపలకెక్కి, ఒక్కోసారి ఆకుపచ్చ, గులాబి రంగులు అద్దుకుని సంతల్లోకి వస్తాయి. మా 18 అట్లా వచ్చినవేనని తర్వాత పశువుల డాక్టరు చెప్పారు. "ఒకే ఈడు, ఒకే లేత పసుపు, తక్కువ ధర. మూడూ కలిస్తే అనుమానపడాలి కదమ్మా" అన్నారు అవ్వతో. అవ్వ మా వైపు చూసింది.

ఇంకో మాట, రెక్క ఈకలు చూసి చెప్పే పద్ధతి. రెక్క విప్పితే రెండు వరుసల ఈకలుంటాయి. పై వరుస పొట్టిగా ఉంటే పెట్ట, రెండూ సమానంగా ఉంటే పుంజు అని వీడియోల్లో చూపిస్తారు. అది అబద్ధం కాదు. కానీ తల్లి ఈక నెమ్మదిగా, తండ్రి ఈక త్వరగా వచ్చే రకాలుగా ఎంచి కలిపిన ఫారం పిల్లల్లోనే అది పనిచేస్తుంది. మన నాటి పిల్లల మీద దాన్ని నమ్మితే బొమ్మా బొరుసా వేసినట్టే.

*అవ్వ సూదీ దారం*

కోసుగా ఉన్న గుడ్డులో పుంజు, గుండ్రటి గుడ్డులో పెట్ట అంటారు. కాళ్లు పట్టి తలకిందులు చేస్తే తల పైకెత్తేది పుంజు అంటారు. సూదికి దారం కట్టి గుడ్డు మీద వేలాడదీస్తే గుండ్రంగా తిరిగితే పెట్ట, అటూ ఇటూ ఊగితే పుంజు అనేది మా అవ్వ నమ్మకం. ఒకసారి పది గుడ్లు ఆమే సూదితో ఎంచి పెట్ట కింద పెట్టింది. పదీ పెట్టలేనని చెప్పింది. తొమ్మిది పిల్లలు లేచాయి, ఐదు పుంజులు అయ్యాయి. "దారం పాతది" అంది. ఇవేవీ పనిచేయవని మేము గట్టిగానే చెప్తున్నాం. కానీ ఇంట్లో పెద్దవాళ్లతో పోట్లాడాల్సినంత నష్టమూ వీటిలో లేదు.

*నాటి పిల్లల్లో నిజంగా ఎప్పుడు తెలుస్తుంది*

ఓపిక పట్టాలి. మూడు నాలుగు వారాల్లో మొదటి గుర్తులు వస్తాయి. ఒకే తల్లి కింద లేచిన పిల్లలను పక్కపక్కన పెట్టి చూడండి. వేరే వేరే ఈడు పిల్లలను పోలిస్తే మోసపోతాం. పుంజు పిల్లకు కాలు కాస్త లావు, నిలబడే తీరు నిటారు. పెట్ట పిల్లకు తోక, రెక్క ఈకలు ముందే చక్కగా వస్తాయి. పుంజు పిల్లకు తోక మొండిగా ఉండి, భుజాల దగ్గర చాలా రోజులు బోడిగా కనిపిస్తుంది.

ఆరు వారాలకు నెత్తి మీద తురాయి చూడండి. పుంజులో అది పెరిగి ఎరుపెక్కుతుంది, గడ్డం కింద తోలు కూడా ఎర్రబడుతుంది. పెట్టలో ఇంకా లేత పసుపుగా, చిన్నగా ఉంటుంది. అవ్వ ఆరోజు గంప దగ్గర చూసింది ఇదే. కానీ ఒక జాగ్రత్త: అసిల్ రక్తం కలిసిన పిల్లలకు తురాయి బఠాణీ గింజల్లాగా అణిగి ఉంటుంది. వాటిలో పుంజుకు కూడా ఎరుపు ఆలస్యం. తురాయి ఒక్కటే చూసి అసిల్ పుంజును పెట్ట అనుకుని ఉంచుకున్నవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు.

తిరుగులేని గుర్తు ఈక. పది, పన్నెండు వారాలకు మెడ మీదా, తోక మొదలు దగ్గర నడుము మీదా ఈకలు తీసి చూడండి. పుంజుకు అవి సన్నగా, కొన వాడిగా, మెరుస్తూ ఉంటాయి. పెట్టకు కొన గుండ్రంగా ఉంటుంది. నడుము మీద వాడి ఈక కనబడిందా, ఇక అనుమానం లేదు. కూత కోసం ఎదురుచూడకండి. కొన్ని రెండు నెలలకే గొంతు సవరించుకుంటాయి, కొన్ని పెద్ద పుంజు భయానికి ఐదో నెల దాకా నోరు తెరవవు. కాలి వెనక ముల్లు కూడా సాక్ష్యం కాదు, ముసలి పెట్టలకూ వస్తుంది.

*పుంజులని తేలాక*

ఇక్కడే మా ఆలోచన మారింది. గూళ్లలో మగ గూడు వచ్చిందని మనం ఎవరమూ ఏడవం. మగ ప్యూపా తేలిక, గూడు బరువులో పట్టు పాలు ఎక్కువ. మరి కోడి దగ్గరికి వచ్చేసరికి సగం పిల్లలను నష్టం కింద ఎందుకు రాసుకోవాలి? మొదటి రోజు నుంచే సగం పుంజులని లెక్కలో రాసుకుంటే, వాటిని ఎప్పటికి అమ్మాలో చూసి పొదగేయవచ్చు.

కర్ణాటకలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, ఉగాది మరునాడు హొసతొడకు. రాగిముద్ద, నాటికోడి సారు లేని ఇల్లు మనవైపు తక్కువ. ఆ రెండు రోజుల ముందు నాటి పుంజు ధర చెప్పిందే ధర. హోసూరు, కృష్ణగిరి వైపు వాళ్లకు ఆడి నెల అమ్మవారి జాతరలు, దీపావళి. నాటి పుంజు అమ్మకానికి వచ్చేసరికి ఐదారు నెలలు పడుతుంది. అంటే గుడ్డు పొదగడానికి 21 రోజులు కలుపుకుని, దసరా ముందు వెనకగా లేచిన పిల్లలు హొసతొడకుకు అందుతాయి. ఆడికి అందాలంటే సంక్రాంతి దాటగానే పెట్ట కింద గుడ్లు పెట్టాలి. మేము మొదటిసారి ఈ లెక్క చూడలేదు. తెల్ల పుంజులను పండగ లేని నెలలో అడిగిన ధరకు ఇచ్చేశాం, రంగు లేదని ఇంకాస్త తగ్గించారు. నాటి పుంజులు మూడే, వాటికి మాత్రం ఇంటి ముందుకు వచ్చి బేరమాడకుండా ఇచ్చిపోయారు.

సంక్రాంతి ముందు వేరే రకం బేరగాళ్లు వస్తారు, పుంజు తొడ పట్టి చూస్తారు. పందేలు 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. ఆ డబ్బు గురించి మేము రాయం.

పెంపకంలో మన రేష్మె రైతు చేసే ఒక తప్పు ఉంది, అది మనం చాకి అలవాటు మీద చేస్తాం. చాకి గదిలో 27, 28 డిగ్రీల వేడి, ఎక్కువ తేమ పెట్టడం మన చేతికి అలవాటు. కోడిపిల్లకు మొదటి వారం 33 నుంచి 35 డిగ్రీలు కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. తేమ మాత్రం వద్దు. తడి గోనెలు వేలాడదీసిన గదిలో పిల్లలను పెడితే కింద ఊక తడిసి రక్తపు రెట్టలు మొదలవుతాయి. థర్మామీటరు లేకపోతే పిల్లలనే చూడండి. బల్బు కింద గుంపుగా నలుగుతుంటే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి, గంప అంతా పరుచుకుని పడుకుంటే సరిగ్గా ఉంది.

కొక్కెర తెగులు టీకా మానొద్దు. 5 నుంచి 7 రోజుల మధ్య కంట్లో చుక్క, నాలుగు వారాలకు మళ్లీ, రెండు నెలలు దాటాక రెక్క కింద సూది. పశువుల ఆసుపత్రిలో ఎప్పుడు ఇస్తారో ముందే అడగండి, సీసా విప్పితే చాలా కోళ్లకు సరిపోతుంది కాబట్టి వీధిలో నాలుగిళ్ల వాళ్లు కలిసి పోతే మంచిది.

రెండున్నర, మూడు నెలలకు పుంజులను వేరుచేయండి. కలిసి ఉంటే అవి మేత తినడం కంటే తరుముకోవడం ఎక్కువ, పెట్టల వీపులు బోడి అవుతాయి. ఒకే గుంపుగా చిన్నప్పటి నుంచి పెరిగిన పుంజులు, పెట్ట కంటికి కనబడనంత వరకు పెద్దగా కొట్టుకోవు. మధ్యలో కొత్త పుంజును తెచ్చి వదిలితే ఆరోజు యుద్ధమే. మేత రాగులు, మొక్కజొన్న నూక, తౌడు, తోటలో దొరికే పురుగూ పుట్రా. గుడ్లు పెట్టే కోళ్ల మేత సంచీ చవకగా దొరికిందని పుంజులకు పెట్టకండి. అందులో సున్నం పాలు ఎక్కువ, మూత్రపిండాలు పాడవుతాయి.

రీలింగ్ యూనిట్ల దగ్గర ఉడికిన ప్యూపా దొరికేవాళ్లకు అది మంచి మాంసకృత్తి. కానీ ఎండబెట్టి, ముక్క వాసన రాకముందే వాడాలి, కొవ్వు ఎక్కువ కాబట్టి త్వరగా చెడుతుంది. మేతలో పదిపాళ్లకు ఒక పాలు దాటనివ్వకండి. అమ్మే ముందు మూడు వారాలు పూర్తిగా ఆపేయండి, లేకపోతే సారులో ఆ వాసన వస్తుంది. ఒకసారి కొన్నవాళ్లు రెండోసారి రారు.

*మా బ్యాచ్ పోయిన సంగతి*

మొదట్లో చెప్పిన మాట ఇదే. పాలరోగం తగిలిన ఆ బ్యాచ్‌లో ఉబ్బి పగులుతున్న పురుగులను ఏరి, పారేయడం ఎందుకని కోళ్లకు వేశాం. కోళ్లు సంతోషంగా తిన్నాయి, వాటికి ఏమీ కాలేదు. తర్వాతి బ్యాచ్‌కు ఇల్లు బ్లీచింగ్‌తో కడిగాం, సున్నం చల్లాం, అన్నీ చేశాం. నాలుగో జ్వరం లేచాక మళ్లీ పాలరోగం. రేష్మె శాఖ నుంచి వచ్చిన టెక్నికల్ ఆయన ఇల్లు చూసి, తట్టలు చూసి, చివరికి తోటలో ఆకు మీద రెట్ట చూసి ఆగిపోయాడు. "రోగపు పురుగులు కోళ్లకేస్తున్నారా?" అన్నాడు.

ఆ రోగపు వైరస్ గట్టి పెంకు లాంటి గుళికల్లో ఉంటుంది. ఆ గుళిక పట్టుపురుగు పేగులో ఉన్న క్షారానికి కరుగుతుంది, కోడి కడుపులోని ఆమ్లానికి కరగదు. కాబట్టి కోడి దాన్ని అరిగించుకోదు, మోసుకొస్తుంది. తోటలో తిరిగి రెట్ట వేస్తే, అడుగు ఆకు మీద పడితే, అదే ఆకు మనం కోసి పురుగులకు పెడతాం. మా రెండో బ్యాచ్ అట్లాగే పోయిందని రుజువు చూపించలేం, కానీ మేము మాత్రం నమ్ముతున్నాం. ఇప్పుడు రోగపు పురుగులను 2 శాతం బ్లీచింగ్ పౌడరు, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్ల బేసిన్‌లో వేసి, తర్వాత తోటకు దూరంగా గుంత తీసి పూడుస్తున్నాం. ఊజి ఈగ పురుగులను ఏరుకు తింటాయి కదా అని కొందరు కోళ్లను పెంపకపు ఇంటి చుట్టూ తిప్పుతారు. అది నిజమే, తింటాయి. అయినా బ్యాచ్ నడుస్తున్నప్పుడు మేము కోళ్లను దడి లోపలే ఉంచుతున్నాం. ఇల్లు కడిగిన రోజు బ్లీచింగ్ నీళ్లు గుంతల్లో నిలిస్తే కోళ్లు తాగుతాయి, మందు కొట్టిన తోటలో చచ్చిన పురుగులు తింటాయి. ఆ రోజుల్లో అయితే దడి తలుపుకు తాడు కూడా కడుతుంది అవ్వ.

కోళ్ల ఎరువు తోటకు మంచిదే. పచ్చిది వేర్ల దగ్గర వేయకుండా, పెంటలో మాగబెట్టి, ఆకు కోసిన తర్వాత మడకతో కలిపేయండి.

ఇక లెక్క. మొదటిసారి 24 పిల్లలతో చాకి బాకీ తీరలేదు, తిండి ఖర్చు మాత్రం వచ్చింది. ఆ మూడు నాటి పెట్టలనే నిలబెట్టుకుని, అవి పెట్టిన గుడ్లను దసరాకు ముందు పొదగేశాం. రెండు పెట్టల కింద 22 గుడ్లు. 19 పిల్లలు లేచాయి, గద్ద రెండింటిని ఎత్తుకుపోయింది, మిగిలిన 17లో 9 పుంజులు. ఈసారి ఎవరూ తల పట్టుకోలేదు. ఎనిమిది పుంజులు హొసతొడకు ముందటి రోజు తెల్లారేసరికి అమ్ముడుపోయాయి. చాకి బాకీ ఆ ఉదయమే కట్టి వచ్చాం.

తొమ్మిదోదాన్ని విత్తనానికి ఉంచాం. కాళ్లు తిన్నగా, మనిషిని చూసి పైకి దూకని నెమ్మది గుణం ఉన్నదాన్ని ఎంచాం. ఎనిమిది, పది పెట్టలకు ఒకటి చాలు. కాకపోతే దాని చెల్లెళ్లతోనే దాన్ని ఉంచితే రెండు మూడు తరాలకు పిల్లలు బలహీనపడతాయి. అందుకని అవ్వ దాన్ని చంకలో పెట్టుకుని బస్సెక్కి, వాళ్ల చెల్లెలి ఊరికి పోయి, అక్కడి ఎర్ర పుంజుతో మార్చుకు వచ్చింది. కండక్టరు కోడికి కూడా టికెట్ అడిగాడట. ఆ మాట ఇప్పటికీ చెప్తూనే ఉంది.